పాలిపోయిన పచ్చసొన

పోయినవారం కథలో మామగారిని వంటింటి గుమ్మం పక్కన, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాయన్ని కూర్చున్నట్టే వదిలేసి వచ్చాం. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. "బేకరీ ఆవిడ వచ్చి, నా కళ్ళముందు గుడ్డు పగలగొట్టి తీర్పు చెప్పేదాకా ఈ కుర్చీ దిగను" అని పొద్దున్నే శపథం పట్టారు కదా, ఆ మాట మీదే ఉన్నారు. మధ్యలో టీ కోసం ఒకసారి, ఆ టీలో పంచదార తక్కువైందని చెప్పడానికి ఇంకోసారి లేచిన మాట నిజమే. అవి శపథం కిందకి రావని ఆయనే తేల్చుకున్నారు.

ఈ ఇంట్లో గొడవకంతటికీ మూలం ఒక దుంప. ఇంటి వెనక రెండు షెడ్లున్నాయి, రెండిటి నిండా గుడ్లు పెట్టే కోళ్ళు. మొదటి షెడ్డు మామగారిది, అక్కడ మొదట్నుంచీ మొక్కజొన్న దాణాయే. రెండో షెడ్డు కోడలిది. మొక్కజొన్న లారీ ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో తెలియక ఇంటిల్లిపాదీ రోడ్డు వైపు చూస్తూ కూర్చోవడం ఆమెకి విసుగెత్తింది. చుట్టుపక్కల ఏ మెరక చూసినా కర్రపెండలమే. ఒక్క మాట చెబితే గేటు దగ్గరికి తెచ్చి దింపిపోతారు. దాన్నే దాణాలో వేస్తే ఏం పోయింది అని మొదలుపెట్టింది. దుంప చెక్కు తీసి, పలచగా తరిగి, విరిస్తే పుటుక్కుమనేదాకా ఎండబెట్టి, మరపట్టి, దుంపలో లేని బలం కోసం సోయా పొడి పెంచి, పిండి కోళ్ళ ముక్కులకి అంటుకోకుండా కాస్త నూనె చిలకరించి, ఇన్ని తిప్పలు పడి ఒక దారికి తెచ్చింది.

మామగారికి అది గిట్టలేదు. "గింజ తినే జాతికి దుంప పెడతావా? రేపు పొద్దున కోళ్ళు మట్టి తవ్వుకుంటూ తిరుగుతాయి" అన్నారు. కోళ్ళు పుట్టిన దగ్గర్నుంచీ చేసే పని అదేనని కోడలు అనబోయి, ఊరుకుంది. చివరికి అందరిముందూ ఆయన ఒక పందెం పెట్టారు. వీళ్ళ గుడ్లన్నీ కొనేది బేకరీ ఆవిడ. ఆవిడ చూసి సరే అంటే రెండో షెడ్డు జోలికి ఆయన రారు. వద్దంటే పెండలం దాణా బంద్, మిక్సింగు మిషను బంద్, కోడలు వచ్చి ట్రేలు సర్దే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఇదీ సంగతి. ఇప్పుడు గేటు దగ్గర స్కూటరు ఆగింది.

బేకరీ ఆవిడ పొట్టిగా, గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. మనుషుల్ని నమ్ముతుంది గానీ వాళ్ళ వంటింటి సామాన్లని నమ్మదు. అందుకని చేతిసంచిలోంచి తన చెంచా, తన కవ్వం, ఒకే రకం తెల్ల పళ్ళేలు రెండు తీసి బల్ల మీద పెట్టుకుంది.

"వదినగారూ, ఏ గుడ్డు ఏ షెడ్డుదో నాకు చెప్పొద్దు. తెలిసిందంటే నా నాలుక మొహమాటపడుతుంది" అంది అత్తగారితో.

"నేనెందుకు చెబుతానమ్మా, నా నోరు కట్టేసుకుంటా" అంటూ అత్తగారు రెండు గిన్నెల్లో గుడ్లు తెచ్చి, ఏది ఏదో తనకే గుర్తుండనన్నిసార్లు గిన్నెలు అటూ ఇటూ మార్చి పెట్టింది. అత్తగారు నోరు కట్టేసుకోవడం ఎలా ఉంటుందో చూసినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. అయినా ఆ క్షణానికి నిజంగానే పెదాలు బిగించి నిలబడింది.

కోడలు పొయ్యి గట్టుకి ఆనుకుని నిలబడింది. పొద్దుటి నుంచీ ఆమె చేతులకి పని దొరకడం లేదు. కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది. మిక్సింగు గది అంటే ఆమెకి ఒట్టి గది కాదు. పెళ్ళయి వచ్చాక ఈ ఇంట్లో ఇది నాది అనుకోగలిగిన చోటు అదొక్కటే. మిషను తిరుగుతున్నప్పుడు వచ్చే ఆ గురగుర చప్పుడులో ఆమె మనసు కుదురుగా ఉంటుంది. ఇప్పుడది ఒక చెంచా దెబ్బ మీద ఆధారపడి ఉంది.

బేకరీ ఆవిడ ఎడమ గిన్నెలోంచి గుడ్డు తీసి ఎడమ పళ్ళెంలో కొట్టింది. పచ్చసొన బంతిపువ్వు రంగులో, బిర్రుగా, పొగరుగా నిలబడింది.

"బాగుంది" అంది.

కుడి గిన్నెలోంచి తీసి కుడి పళ్ళెంలో కొట్టింది. అందరూ మెడలు ముందుకు చాచారు. దాన్ని పచ్చసొన అనడానికి కొంచెం మొహమాటపడాలి. పల్చటి మజ్జిగలో చిటికెడు పసుపు వేస్తే ఏ రంగు వస్తుందో ఆ రంగు. ఇంకోటి కొట్టింది. అదీ అంతే. ఇంకోటీ అంతే.

మామగారు శపథం మర్చిపోయి కుర్చీలోంచి ఎగిరి లేచారు.

"చూశారా! చూశారా! నేను మొత్తుకుంటే ఎవరైనా విన్నారా? ఇదీ దుంప తిన్న కోడి పెట్టే గుడ్డు. ఒంట్లో రక్తం లేదు పాపం! చూడమ్మా చూడు, కామెర్లొచ్చి పాలిపోయినట్టు లేదూ?"

"కామెర్లొస్తే పచ్చబడతారు గానీ పాలిపోరండీ" అంది అత్తగారు. నోరు కట్టు విప్పుకుంది.

కోడలు పళ్ళెం మీదికి వంగింది. నిన్న కూడా తన షెడ్డులోంచి ఒక గుడ్డు తెచ్చి పగలగొట్టి చూసుకుంది, నిక్షేపంలా పచ్చగా ఉంది. ఒక్క రోజులో ఇదేం మాయ? ఏదన్నా కలపడం మర్చిపోయిందా? ఆకుపొడి వేసింది. సోయా వేసింది. గవ్వపొడి వేసింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ పోతే అన్నీ వేసినట్టే ఉంది, అయినా ఎదురుగా పళ్ళెంలో ఆ పాలిపోయిన సొన ఆమెనే చూస్తోంది.

బేకరీ ఆవిడ కుడి పళ్ళెంలో సొనని చెంచాతో కదిపింది, గిలక్కొట్టింది, వాసన చూసింది. ఒక గుడ్డు ఉడకబెట్టించి, ఉప్పు కూడా లేకుండా తిన్నది.

"రుచికి వంక లేదు" అంది నెమ్మదిగా. "కానీ నా బాధ చెబుతా వినండి. కేకు కోయగానే లోపల పచ్చగా కనపడకపోతే, గుడ్డు వెయ్యకుండా మోసం చేశావని మొహం మీదే అంటారు. వాళ్ళకి నేనెక్కడ సర్ది చెప్పేది?"

"అయిపోయింది!" అని మామగారు చేతులు దులిపేసుకున్నారు. "అమ్మాయ్, ఏమీ అనుకోకు. ప్రయత్నం చేశావ్, మంచిదే. రేపట్నించి ఆ మిషను స్విచ్చి తీసేసి ట్రేల దగ్గర కూర్చో. నీడపట్టున, ఫ్యాను కింద, హాయిగా ఉంటావ్."

 కోడలు కిటికీ దగ్గరికి వెళ్ళి, ఏడవకూడదని పట్టుదలగా బయటికి చూసింది. నీడపట్టున ఫ్యాను కింద హాయిగా ఉండటానికా ఇంత ఎండలో ఇన్నాళ్ళు దుంపలు తిరగేసింది?

అత్తగారు బల్ల శుభ్రం చేద్దామని పెంకులు పోగుచేస్తోంది. చేస్తున్నదల్లా ఒక పెంకు పట్టుకుని ఆగింది. ఇంకో పెంకు తీసింది. కళ్ళజోడు సవరించుకుంది.

"ఇదేంటండీ?" అంది.

గుడ్లు ఏరడం ఆ ఇంట్లో అత్తగారి వంతు. ఆవిడకో అలవాటు ఉంది. మొదటి షెడ్డు గుడ్డుకి అడుగున పెన్సిలుతో ఒక చుక్క పెడుతుంది, రెండో షెడ్డు గుడ్డుకి రెండు చుక్కలు. ఎవరు అడిగినా అడక్కపోయినా, ఒంట్లో బాగున్నా లేకపోయినా, చుక్క పెట్టని గుడ్డు ఆవిడ చెయ్యి దాటదు. ఇంట్లోవాళ్ళు ఆ చుక్కల్ని చూసి చూసి, చూడటం మానేసి చాలాకాలమైంది.

"ఈ పాలిపోయినవాటికి ఒక్క చుక్కే ఉంది. పచ్చగా ఉన్నదానికి రెండు చుక్కలు" అంది అత్తగారు.

 కోడలు కిటికీ దగ్గర్నుంచి గిరుక్కున తిరిగింది.

"అంటే?" అంది బేకరీ ఆవిడ.

"అంటే ఏముందమ్మా, పచ్చగా ఉన్నది మా కోడలి పెండలం కోళ్ళది. పాలిపోయింది మావారి మొక్కజొన్న కోళ్ళది."

"అబద్ధం!" మామగారి గొంతు పైకప్పుకి తగిలింది. "నువ్వు మార్చేశావ్. కోడలంటే నీకు లోకువ కాదు, ప్రాణం. అందుకని చుక్కలు తారుమారు చేశావ్."

అత్తగారు పెంకులు కింద పెట్టి, చేతులు నడుం మీద పెట్టుకుంది. ఆ భంగిమ చూస్తే వీధిలో కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి.

"ఏమన్నారు? నా చుక్క తప్పా? ఈ ఇంట్లో కాలు పెట్టినప్పట్నించీ పెడుతున్నా. మీ పేరు మర్చిపోతానేమో గానీ చుక్క మర్చిపోతానా? నా చుక్కని అనుమానిస్తే నన్ను అనుమానించినట్టే!"

"దీనికింత గొడవెందుకు? కోడి కిందనించే తెచ్చుకుందాం పదండి వదినగారూ" అంటూ బేకరీ ఆవిడ లేచింది. ఇద్దరూ చెరో బుట్టా పట్టుకుని దొడ్డిగుమ్మంలోంచి మొదటి షెడ్డు వైపు కదిలారు.

వంటింట్లో మామా కోడలూ మిగిలారు.

మామగారు కుర్చీలో కూర్చున్నారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు. "మబ్బు పట్టినట్టుంది" అన్నారు పైకప్పు చూస్తూ. "అవునండీ" అంది కోడలు. "వాన రావచ్చు" అన్నారు. "రావచ్చండీ" అంది. అంతకుమించి ఆ సంభాషణ ముందుకి పోలేదు. ఆయన తన వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో కోడలికి అర్థమవుతూనే ఉంది గానీ, ఎందుకో అర్థం కావడం లేదు. ఓడిపోయినందుకు కోపంగా ఉన్నవాళ్ళని ఆమె చూసింది. ఇది కోపంలా లేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నారు.

కోడి కిందనించి తీసిన గుడ్లు, ఇంకా వెచ్చగా ఉన్నవి, బల్ల మీదికొచ్చాయి. బేకరీ ఆవిడ టపటపా కొట్టేసింది. పళ్ళెం నిండా పాలిపోయిన సొనలే.

"ఇదేం చోద్యం? మొక్కజొన్న తిన్న కోడికి ఇంత తెల్ల సొనా?" అంది.

అప్పుడు కోడలికి చటుక్కున తట్టింది. తట్టగానే నోట్లోంచి మాటలు వాటంతటవే వచ్చేశాయి.

"సొనకి రంగు కోడి సొంతంగా తెచ్చుకోదండీ. తిన్నదాన్నిబట్టి వస్తుంది. పచ్చ మొక్కజొన్నలో ఆ రంగు ఉంటుంది. పెండలం దుంపలో ఉండదు, అది తెల్లటిది కదా. మొదట్లో నా గుడ్లు కూడా అచ్చం ఇలాగే పాలిపోయాయి. ఎన్ని తంటాలు పడ్డానో! ఆఖరికి ఆ మొక్క ఆకుల్నే బాగా ఎండబెట్టి, పొడి చేసి దాణాలో కలిపితే రంగు దారిలో పడింది. దుంప తిని ఆకు తినకపోతే..."

అక్కడ ఆగిపోయింది. దుంప తిని ఆకు తినకపోతే సొన ఇలా ఉంటుంది. మొదటి షెడ్డు కోళ్ళు దుంప తింటున్నాయి. ఎవరు పెడుతున్నారు?

ఆమె మామగారి వైపు చూసింది. ఆయన తన చెప్పుల వైపు చూసుకుంటున్నారు.

ఆ క్షణంలో కోడలు ఒక్క మాట అంటే చాలు, ఇన్నాళ్ళ ఎత్తిపొడుపులకి వడ్డీతో సహా చెల్లయిపోయేది. అనాలని కూడా అనిపించింది, ఎందుకు అబద్ధం చెప్పాలి. కానీ బయటి మనిషి ఎదురుగా ఆయన మొహం అంత చిన్నదైపోవడం చూస్తే ఆమెకి నోరు రాలేదు.

"మొక్కజొన్న పాతబడినా రంగు తగ్గుతుందిలెండి" అంది. "బస్తాల్లో ఎక్కువకాలం ఉండిపోతే అలాగే అవుతుంది."

మామగారు మునిగిపోతున్నవాడికి తాడు దొరికినట్టు దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. "అదే! అదే నేనూ అనుకుంటున్నా! పాత సరుకు! ఆ లారీవాడు పాత సరుకు అంటగట్టాడు! వాడి సంగతి..."

"ఉండండి ఉండండి ఉండండి" అంది అత్తగారు.

మూడుసార్లు అందంటే అర్థం, ఆవిడ బుర్రలో ఏదో లంకె కుదురుతోందని. కోడలు కళ్ళతో వద్దని సైగ చేసింది. అత్తగారు ఆ సైగ చూడలేదు, చూసినా ఆగే మనిషి కాదు.

"అందుకేనా మీ చొక్కా జేబుల్లో రోజూ తెల్లటి పొడి!"

"ఏ పొడి?"

"ఏ పొడో మీకే తెలియాలి! ఉతికేది నేను కదా! జేబు తిరగేస్తే చాలు, తెల్లగా బుస్సుమని రాలుతోంది. చొక్కా చేతులకి తెల్లగా, కాలరుకి తెల్లగా. నేను..." అత్తగారి గొంతు తగ్గింది. మొహం ఎర్రబడింది. "నేను మొహానికి రాసుకునే పౌడరనుకున్నాను."

బేకరీ ఆవిడ కుర్చీ దగ్గరకి లాక్కుంది.

"తెల్లారకుండానే లేచి, చప్పుడు చెయ్యకుండా బయటికెళ్ళి, అరగంట తర్వాత పౌడరుతో వస్తే ఏమనుకోమంటారు? ఈ వయసులో ఈయన ఎవరి కోసం తయారవుతున్నాడా అని ఎన్ని రోజులు లోపల్లోపల కుమిలిపోయానో మీకేం తెలుసు? మొన్న పాల కేంద్రం ఆవిడతో నవ్వుతూ మాట్లాడితే ఆవిడేమోననుకున్నాను. అందుకే కదా ఆ టీలో పంచదార వెయ్యడం మానేసింది!"

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, లాభం లేకపోయింది. బేకరీ ఆవిడ ముందు నవ్వింది, తర్వాత కోడలు, తర్వాత అత్తగారే పక్కున నవ్వేసింది. "ముప్పొద్దులా దుంప దుంప అని తిడుతూ, దుంప దగ్గరే చేతివాటం చూపించారన్నమాట!" అంటూ కళ్ళు తుడుచుకుంది. "నేనూ చూస్తూనే ఉన్నా, మొదటి షెడ్డు గుడ్లు కాస్త చిన్నబోయాయేంటా అని."

మామగారు ఒక్కరే నవ్వలేదు. కుర్చీలో ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

"లారీ రాలేదు" అన్నారు. "ఇవాళ రేపు అని వాడు తిప్పుతూనే ఉన్నాడు. కొట్లో గింజ అడుగంటింది. నీకు చెబుదామనుకున్నానమ్మాయ్. ఎలా చెప్పను? అందరిముందూ అన్నేసి మాటలన్నాక, ఓ తట్టెడు పెండలం పెట్టమ్మా అని ఏ మొహం పెట్టుకుని అడగను? నేనైతే పంతంతో బతికేస్తాను. కోళ్ళు నా పంతం తిని బతుకుతాయా?"

"అడిగితే ఇవ్వనా మామయ్యగారూ?"

"ఇస్తావ్. అదే కదా నా బాధ. ఒక్క మాట కూడా అనకుండా ఇస్తావ్."

 కోడలికి నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది, కళ్ళు మాత్రం చెమర్చాయి. ఈయన తన మాటని నమ్మలేదు, నిజమే. కానీ ఇబ్బంది వచ్చినప్పుడు, ప్రాణంతో సమానంగా చూసుకునే కోళ్ళకి తన చేతి దాణాయే తీసుకెళ్ళి పెట్టారు. తట్టుకుంటాయో లేదోనన్న అనుమానం ఉంటే పెట్టేవారే కాదు. ఇంతకంటే మెచ్చుకోలు ఈ మనిషి నుంచి ఏ జన్మలో వస్తుంది? ఆమె వెళ్ళి కొత్తగా టీ పెట్టింది. ఈసారి పంచదార అత్తగారే వేసింది, కొంచెం ఎక్కువే వేసింది.

"సరే, మీ ఇంటి సంగతి తేలింది. ఇక నా సంగతి" అంది బేకరీ ఆవిడ టీ గ్లాసు దించి. "ఈ పచ్చటి గుడ్లు నాకు కావాలి, అందులో మాటే లేదు. అమ్మాయీ, నీ షెడ్డుకి నా ఓటు. అయితే నాకు ఇందాకట్నించి ఇంకో సంగతి మనసులో తిరుగుతోంది." పాలిపోయిన పళ్ళేన్ని దగ్గరికి జరుపుకుంది. "పెళ్ళి కేకులకి పొర తెల్లగా రావాలని అడుగుతారు. పచ్చసొన తీసేసి చేస్తే పిడచకట్టుకుపోతుంది. ఇదిగో, ఇలాంటి సొనైతే గుడ్డు మొత్తం వేసెయ్యొచ్చు. రంగూ దెబ్బతినదు, మెత్తగానూ ఉంటుంది. అన్నయ్యగారూ, మీ షెడ్డు గుడ్లు కూడా నాకే ఇవ్వండి. కానీ ప్రతివారం సరిగ్గా ఇదే రంగుండాలి."

మామగారు మెల్లగా తలెత్తారు. వెన్ను నిటారు చేశారు. మీసం మీదికి చెయ్యి పోయింది. ఇంతసేపూ చిన్నబోయిన మనిషి అలా చూస్తూ ఉండగానే తన మామూలు సైజుకి వచ్చేశారు, కాస్త దాటారు కూడా.

"రంగంటే ఊరికే వస్తుందా అమ్మా!" అన్నారు. "దానికో పాళం ఉంది."

"ఇప్పుడు పాళం కూడానా!" అంది అత్తగారు.

"నువ్వుండవే. ఆమె అడుగుతోంది, చెప్పనీ." ఆయన కుర్చీ ఇంకా ముందుకి జరుపుకున్నారు. కోడలు పొయ్యి గట్టుకి ఆనుకుని, ఆ గొప్పలు వింటూ, చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకుంది. మిషను ఆగదు. గది తనదే. ఇంకేం కావాలి? రేపట్నించి ఆయనకి పాళ్ళు సరిగ్గా చెప్పి, సోయా కాస్త పెంచితే ఆ గుడ్లు కూడా మళ్ళీ మామూలు సైజుకి వస్తాయి.

"పొద్దున్నే, మీరందరూ నిద్రపోతుండగా లేస్తాను" అని మొదలుపెట్టారు మామగారు. "మిక్సింగు గది పక్కన కొట్లోంచి ఓ తట్టెడు ముక్కలు తీస్తాను. దంచుతాను. ముందు ఓ ముక్క నోట్లో వేసుకుని చూస్తాను."

"మీరు తింటారా?"

"నేను రుచి చూడనిది నా కోళ్ళకెప్పుడైనా పెట్టానా? బాగుంటుంది, కమ్మగా ఉంటుంది. ఇవాళే కాస్త చేదుగా తగిలితే ఉమ్మేశాను. అప్పుడే పళ్ళు తోముకున్నా కదా, పేస్టు నోటికి ఏది తిన్నా చేదే."

"చేదా?" అంది కోడలు.

"నోరు చేదులే."

"కొట్టుకి నేను రాత్రే తాళం వేశాను కదా మామయ్యగారూ, వానగాలికి తలుపు తెరుచుకుంటుందని. ఇవాళ ముక్కలు ఎక్కడివి?"

"తాళం ఉంటే ఆగిపోతానా?" మామగారు కన్నుగీటారు. "కొట్టు వెనకాల చూరు కింద పట్టా మీద బోలెడు ఆరబోసి ఉన్నాయిగా. కొంచెం పచ్చిగా ఉన్నాయి, అయితే ఏం, దుంప దుంపే. బాగా దంచేశాను."

కోడలి మొహంలో నవ్వు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

పట్టా మీదున్నవి ఆమె రోజూ వాడే దుంపలు కావు. నిన్న సాయంత్రం దిగిన వేరే రకం, చేదు రకం. చెక్కు తీసి తరిగి ఆరబోసిందే గానీ వాటికి ఇంకా ఎండ మొహం తెలియదు. చేదు పెండలంలో విషం ఉంటుంది. రోజుల తరబడి ఎండలో కాగితేనే అది పోయేది. పచ్చిగా కడుపులో పడితే కోళ్ళు కాదు, మనుషులే తట్టుకోలేరు. ఆ సంగతి తనకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ పట్టా జోలికి తను తప్ప ఎవరూ పోరని ఆమె ధీమా.

"మీరు మింగలేదు కదా?" అంది.

"ఉమ్మేశానన్నాగా. ఏంటమ్మాయ్, అలా ఐపోయావ్?"

"కోళ్ళకి పెట్టేశారా?"

"ఇంకా లేదు. పొద్దుటి మేత నిన్నటిదే. ఇవాళ్టిది కలిపి బండిలో పోసి ఉంచాను. నేనీ కుర్చీ దిగనని శపథం పట్టానాయె, మధ్యాహ్నం మేత నువ్వు పోసెయ్యరా అని అబ్బాయికి చెప్పాను."

అబ్బాయి అంటే ఆమె భర్త. తండ్రి చెప్పిన పని చెప్పిన వేళకి చేసిన పాపాన పోలేదు. ఇన్నాళ్ళూ ఆమె ఎన్నోసార్లు విసుక్కున్న ఆ బద్ధకమే ఈ ఒక్క రోజుకీ తోడుండాలని దణ్ణం పెట్టుకుంటూ గోడ గడియారం వైపు చూసింది.

"ఆ ముక్కలు విషం మామయ్యగారూ!" అని ఆమె అంటుండగానే మొదటి షెడ్డులోంచి ఆ అరుపు లేచింది.

కోళ్ళ మధ్య కాపురం చేసినవాళ్ళకి ఆ అరుపు వేరే చెప్పక్కర్లేదు. మేత బండి గుమ్మంలో కనపడగానే షెడ్డు షెడ్డంతా ఒక్క గొంతై చేసే సంబరం అది. రేకులు అదిరిపోతాయి, పక్కన నిలబడి పిలిచినా వినపడదు.

మామగారు కుర్చీని తన్నుకుంటూ లేచారు. చెప్పులు వేసుకోలేదు. కోడలు గుమ్మం దాటేసరికే ఆయన పెరట్లో సగం దూరం పోయారు. "పొయ్యకురా! ఒరేయ్, పొయ్యకురా!" అని అరుస్తూ, ఒక చేత్తో పక్కటెముకలు పట్టుకుని పరుగెడుతున్నారు. ఆమె కూడా గొంతు చించుకుంది. ఇద్దరి అరుపులూ కలిసినా ఆ సంబరంలో ఎక్కడో కొట్టుకుపోయాయి.

ఇంకా తలుపు చేరలేదు, షెడ్డులో గోల తగ్గడం మొదలైంది. ముందు ఈ చివర, తర్వాత మధ్యలో, తర్వాత ఆ చివర. తగ్గి తగ్గి పూర్తిగా ఆగిపోయింది.

మామగారు ఆగిపోయి కోడలి మొహంలోకి చూశారు. అన్ని కోళ్ళూ ఒక్కసారిగా నోరు మూసుకునేది ఎప్పుడో ఆయనకి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. తొట్టిలో ముక్కు దించినప్పుడే.